మంచు ముంగిట ఎర్ర రైలు

ప్రపంచంలో బాగా పేరున్న పర్యాటక రైళ్లలో గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా సుమారు ఎనిమిది గంటల ప్రయాణం. 1930లో మొదలైనప్పుడు అది ఫుర్కా కనుమ ఎక్కుతూ రోన్ హిమానీనదాన్ని కిటికీలోంచే చూపించేది. పేరు అలా వచ్చింది. 1982లో ఆ కనుమ కిందుగా 15 కిలోమీటర్లకు పైబడిన సొరంగం తెరిచారు. అంతవరకూ వేసవిలోనే నడిచిన రైలు అప్పటినుంచి చలికాలంలోనూ నడుస్తోంది. హిమానీనదం మాత్రం దారి నుంచి తప్పిపోయింది.

కదిలే రైల్లో కూర్చుని హిమానీనదాన్ని చూడాలన్న కోరిక ఉన్నవాళ్లు అదే దేశపు ఆగ్నేయ మూలకి వెళ్లాలి. అక్కడ కూర్ అనే పాత పట్టణం నుంచి కొండలెక్కి, దిగి, ఇటలీ సరిహద్దు దాటి తిరానో చేరే బెర్నినా ఎక్స్‌ప్రెస్ ఉంది. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణంలో 55 సొరంగాలు, 196 వంతెనలు. సముద్రమట్టానికి 585 మీటర్ల ఎత్తున బయల్దేరి, 2,253 మీటర్ల దాకా ఎక్కి, 429 మీటర్లకు దిగుతుంది. పొద్దున పైన్ అడవుల్లో కాఫీ తాగినవాళ్లు నడినెత్తిన పొద్దుండగా మంచు శిఖరాల కింద ఉంటారు. సాయంత్రం కాకముందే ద్రాక్షతోటల మధ్యకి వచ్చి చలికోటు విప్పేస్తారు.

మన ఊళ్ల నుంచి స్విట్జర్లాండ్ వెళ్లే యాత్రలు ఎక్కువగా ఇంటర్‌లాకెన్, యుంగ్‌ఫ్రావ్, టిట్లిస్ చుట్టూ తిరిగి వచ్చేస్తాయి. ఆ చోట్ల అందానికి వంక పెట్టేదేమీ లేదు. కానీ కొండకీ రైలుకీ మధ్య జరిగిన బేరం ఎలాంటిదో తెలియాలంటే ఈ మూలకే రావాలి. ఇక్కడ రైలు కొండని చీల్చుకుని పోదు. కొండ ఒప్పుకున్న మేరకే ఎక్కుతుంది, ఒప్పుకోని చోట చుట్టు తిరుగుతుంది. ఆ ఓర్పు వల్లే ఇన్నేళ్లుగా మనుషుల్ని మంచు ముంగిటి దాకా తీసుకెళ్తోంది. ఆ మంచు ఇప్పుడు ఏమవుతోందో కూడా అదే కిటికీ చూపిస్తోంది.

ఈ పట్టాలు రేషియన్ రైల్వేవి. గ్రౌబుండెన్ రాష్ట్రంలో ఎర్ర రంగు రైళ్లు నడిపే సంస్థ అది. ఇది పర్యాటకుల కోసమే వేసిన లైను కాదన్న సంగతి ముందుగా చెప్పుకోవాలి. బెర్నినా ఎక్స్‌ప్రెస్ పెట్టెలకు పైకప్పు అంచుదాకా అద్దాలుంటాయి, సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. కానీ అదే పట్టాల మీద బడిపిల్లలూ ఉద్యోగులూ సంతకెళ్లే ముసలివాళ్లూ ఎక్కే మామూలు రైళ్లు రోజంతా నడుస్తాయి. బెర్నినా కనుమ మీది లైనులో అవే రైళ్లకు వెనకాల కలప దుంగల బండ్లు, ఇంధనం ట్యాంకర్లు తగిలించి లాగించుకుపోతారు. పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. గుంటూరు నుంచి గుంతకల్లు వైపు, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు ఒకప్పుడు మీటర్‌గేజి బండ్లు ఎక్కిన పాతతరం వాళ్లకు ఆ కొలత బాగానే గుర్తుంటుంది. గేజి తక్కువైతే వంపులు ఇరుగ్గా తిప్పుకోవచ్చు. కొండల్లో ఆ వెసులుబాటే ప్రాణాధారం.

ఈ రైల్వేకి బీజం వేసింది స్విస్ దేశస్థుడు కాదు. విల్లెమ్ యాన్ హోల్స్‌బోయర్ అనే డచ్చివాడు. క్షయతో ఉన్న భార్యను గాలి మార్పు కోసం 1867లో దావోస్ తీసుకొచ్చాడు. ఆమె బతకలేదు. ఆయన అక్కడే ఉండిపోయి, శానిటోరియం కట్టడంలో పాలుపంచుకుని, రోగులు ఆ ఎత్తుకి చేరడానికి గుర్రపు బండ్లు చాలవని రైలు మార్గానికి పూనుకున్నాడు. లాండ్‌క్వార్ట్ నుంచి దావోస్‌కి ఆయన తలపెట్టిన లైను 1890 నాటికి పూర్తయింది. మిగతా లైన్లన్నీ ఆ తర్వాత వచ్చిన కొమ్మలే.

కొండ మీదికి కాదు, కొండ చుట్టూ

కూర్ దాటిన రైలు కాసేపు రైన్ నదిని అంటిపెట్టుకుని నడుస్తుంది. రైకెనావ్ దగ్గర నది రెండు పాయలూ కలిసే చోటు కనబడుతుంది. తర్వాత లోయ గుట్టల మీద పాత కోటలు వరసగా వస్తాయి. తూసిస్ స్టేషన్ దాటాక అసలు కథ మొదలవుతుంది. అక్కడినుంచి సెయింట్ మోరిట్జ్ వరకు 67 కిలోమీటర్లు ఆల్బులా లైను. అక్కడి నుంచి తిరానో దాకా 61 కిలోమీటర్లు బెర్నినా లైను. ఈ రెంటినీ, వాటి చుట్టూ ఉన్న భూదృశ్యాన్నీ కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన కాల్కా–సిమ్లా రైలు మార్గం ఆ జాబితాలోకి ఎక్కిందీ అదే ఏడాది. కాల్కా–సిమ్లా మీద మొదటి రైలు నడిచింది 1903లో. ఆల్బులా లైను తెరిచిందీ 1903లోనే. హిమాలయాల అడుగు వరసల్లోనూ ఆల్ప్స్‌లోనూ ఒకే కాలంలో ఇంజనీర్లు ఒకే రకం చిక్కు ముడిని విప్పుతూ కూర్చున్నారన్నమాట.

సోలిస్ వంతెన 89 మీటర్ల లోతైన లోయ మీదుగా దాటుతుంది. కానీ అందరూ కెమెరా సిద్ధం చేసుకునేది దానికి కాదు, కాసేపటి తర్వాత ఫిలిజూర్‌కి ముందు వచ్చే లాండ్‌వాసర్ వంతెనకి. సున్నపురాతితో కట్టిన ఆరు కమానులు. ఎత్తు 65 మీటర్లు, పొడవు 136 మీటర్లు. 1902లో పూర్తయింది. దాని గొప్ప ఎత్తులో లేదు. వంతెన మొత్తం 100 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరిగి, చివర నిట్టనిలువు రాతిగోడని తాకుతుంది. ఆ గోడలోనే సొరంగం నోరు. వెనక పెట్టెలో కూర్చున్నవాళ్లకి ఇంజను కొండలోకి చొరబడుతూ కనిపిస్తుంది, తాము ఇంకా గాల్లోనే ఉంటారు. లోయ ఎంత వెడల్పుంటే అంతే వంతెన, రాయి ఎక్కడ ఎదురైతే అక్కడే సొరంగం. మధ్యలో ఒక్క గజం అదనంగా లేదు. ఇంజనీరింగు పనిలో ఇంత పొదుపు, ఇంత అందం ఒకేచోట కలవడం అరుదు.

ఆ పొదుపు ఫ్రీడ్రిచ్ హెన్నింగ్స్ అనే ఇంజనీరుది. ఆల్బులా లైను నిర్మాణానికి ఆయన పెద్ద. ఆయనకు ఎదురైన అతి పెద్ద లెక్క బెర్గూన్, ప్రేడా ఊళ్ల మధ్య తగిలింది. రెంటికీ మధ్య లోయ పొడవు ఆరేడు కిలోమీటర్లకు మించదు. ఎత్తులో తేడా మాత్రం 400 మీటర్ల పైనే. పట్టాలు తిన్నగా వేస్తే ఏ ఇంజనూ ఎక్కలేదు. అందుకని దారిని సాగదీశారు. రైలు సొరంగంలోకి వెళ్లి లోపలే గుండ్రంగా తిరిగి, వెళ్లిన చోటికి పైన తేలుతుంది. నది దాటి అవతలి వాలు మీద మళ్లీ అదే పని చేస్తుంది. అలా మెలికలు తిరిగి తిరిగి 12 కిలోమీటర్ల పైచిలుకు పట్టాలు పరిచారు. బెర్గూన్ చర్చి గోపురం ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క, ప్రతిసారీ మరింత కిందికి జారిపోయి కనబడుతుంటే ప్రయాణికులకు దిక్కులు తప్పుతాయి. చలికాలంలో ఆ పక్కనే ఉన్న రోడ్డు మూసేసి మంచు బండ్ల జారుడు బాటగా మారుస్తారు. పిల్లలు ప్రేడా నుంచి బెర్గూన్ దాకా ఆరు కిలోమీటర్లు జారి, రైలెక్కి మళ్లీ పైకి వెళ్తారు.

2022 అక్టోబర్ 29న ఈ మెలికల మీదే రేషియన్ రైల్వే వంద పెట్టెల రైలు నడిపింది. స్విస్ రైళ్లకు 175 ఏళ్లు నిండిన సందర్భం. పొడవు సుమారు 1.9 కిలోమీటర్లు, ఏడుగురు డ్రైవర్లు. ప్రేడా నుంచి దిగుతూ లాండ్‌వాసర్ వంతెన దాటి వెళ్లింది. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్రయాణికుల రైలుగా గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. దిగుడులో వంద పెట్టెల బ్రేకులు ఒకేసారి పట్టాలి, ఒకేసారి వదలాలి. ముందు పెట్టెలు ఆగి వెనకవి తోస్తే రైలు పట్టాల మీద నిలవదు. పండగలా కనిపించినా అది కఠినమైన పరీక్ష.

ప్రేడా దగ్గర ఆల్బులా సొరంగం. 5,865 మీటర్లు. తవ్వుతున్నప్పుడు వదులు రాతి పొరలోంచి చల్లటి నీళ్లు ఉరకడంతో పని నెలల తరబడి కుంటుపడింది. కాంట్రాక్టు కంపెనీ చేతులెత్తేసింది. రైల్వేయే పని నెత్తిన వేసుకుని పూర్తి చేసింది. ఆ నీళ్లలో నిలబడి రాయి కొట్టినవాళ్లలో ఎక్కువమంది ఇటలీ నుంచి వచ్చిన కూలీలు. ఈ లైను గురించి చెప్పేటప్పుడు ఇంజనీరు పేరు అందరూ చెబుతారు. వాళ్లనీ తలుచుకోవాలి. వందేళ్ల పైబడి సేవ చేసిన ఆ సొరంగం పక్కనే కొత్త సొరంగం తవ్వి 2024లో రైళ్లను అందులోకి మళ్లించారు. పాతదాన్ని ప్రమాద సమయంలో బయటపడే దారిగా అట్టిపెట్టారు.

సొరంగం ఇవతల నీళ్లు రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి పోతాయి. అవతల ఎంగాడీన్ లోయ. అక్కడి నీళ్లు ఇన్ నదిలో, డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రానికి పోతాయి. భాష కూడా మారుతుంది. కూర్‌లో జర్మన్ మాట్లాడితే ఇక్కడ స్టేషన్ బోర్డుల మీద రొమాన్ష్ పేర్లు కనబడతాయి. లాటిన్ నుంచి పుట్టి ఈ లోయల్లో నిలిచిన ఆ చిన్న భాషకి 1938లో స్విట్జర్లాండ్ జాతీయ భాష హోదా ఇచ్చింది. కనుమ దాటాక వినబడేది ఇటాలియన్. ఒక్క టికెట్టు మీద మూడు భాషలు.

పళ్ళ పట్టా లేని ఎక్కుడు

ఊటీ రైలు ఎక్కినవాళ్లకి పట్టాల మధ్యన ఉండే పళ్ళ పట్టా గుర్తుంటుంది. ఇంజను కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. కల్లార్, కూనూర్ మధ్య పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కాలి కాబట్టి అది తప్పదు. బెర్నినా లైనులో వాలు దాదాపు అంతే ఉంటుంది. వెయ్యి మీటర్లకు 70 మీటర్లు, అంటే పద్నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. అయినా పళ్ళ పట్టా లేదు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద పట్టుతోనే ఎక్కుతుంది, పట్టుతోనే దిగుతుంది. మంచు పడినా, వాన పడినా అంతే. ఆల్ప్స్ పర్వతాలను ఇలా పళ్ళ పట్టా లేకుండా, కనుమ కింద పొడవైన సొరంగం లేకుండా ఆరుబయట దాటే రైలు మార్గాల్లో ఇంత ఎత్తున పోయేది మరొకటి లేదు.

ఇది కరెంటు వల్ల సాధ్యమైంది. ఆల్బులా లైను మొదట ఆవిరి ఇంజన్లతో నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు కరువై, 1919కల్లా దానికీ తీగలు వేశారు. బెర్నినా మాత్రం పుట్టుకతోనే విద్యుత్ రైలు. దిగువన పోస్కియావో లోయలో బ్రూసియో విద్యుత్ కంపెనీ అప్పటికే జలవిద్యుత్ కేంద్రం కట్టుకుంది. ఆనకట్టలకు సామాను పైకి చేర్చడానికి దానికి దారి కావాలి. రైలుకి కరెంటు కావాలి. ఇద్దరి అవసరం కలిసింది. అవతలి వైపు సెయింట్ మోరిట్జ్, పొంట్రెసినా హోటళ్లకు పర్యాటకులు కావాలి. 1906లో పని మొదలై 1910 జూలై 5న మొత్తం లైను తెరిచారు.

ఒక పనికోసం వేసిన పట్టాలు మరో పనికి పేరు తెచ్చుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇవాళ జనం అరకు అందాలు చూడటానికి విస్టాడోమ్ అద్దాల పెట్టె ఎక్కుతున్నారు. బెర్నినాలో తేడా ఏమిటంటే, చూపించాలన్న ఆలోచన గీత గీసినప్పుడే ఉంది. రోడ్డు తూర్పు లోయ మీదుగా పోతుంటే, రైలుని పడమటి పక్కగా, మంచు కొండల అంచునే తీసుకెళ్లారు. ఉత్తరాన అన్నిటికంటే ముందు తెరుచుకున్న ముక్క కూడా పొంట్రెసినా నుంచి మోర్తెరాచ్ హిమానీనదం దాకా వేసిందే. అది 1908లో.

పొంట్రెసినా స్టేషన్లో ఆల్బులా కరెంటు ఒకటి, బెర్నినా కరెంటు ఒకటి. అక్కడ 11,000 వోల్టుల ఏసీ, ఇక్కడ 1,000 వోల్టుల డీసీ. 2010 నుంచి రెండు కరెంట్ల మీదా నడిచే అల్లేగ్రా రైళ్లు వచ్చాక ఇంజను మార్చే పని తప్పింది. దిగుతున్నప్పుడు అవే మోటార్లు కరెంటు పుట్టించి తీగలోకి తిప్పి పంపుతాయి. ఎదురుగా ఎక్కే రైలు దాన్ని వాడుకోగలదు.

మోర్తెరాచ్ దాటగానే మోంటెబెల్లో మలుపు వస్తుంది. రైలు దాదాపు వెనక్కి తిరిగినంత పని చేస్తుంది. ఆ తిరగడంలో 4,049 మీటర్ల పీట్స్ బెర్నినా ఒళ్లంతా మంచుతో ఎదుట నిలబడుతుంది. తూర్పు ఆల్ప్స్‌లో 4,000 మీటర్లు దాటిన శిఖరం అదొక్కటే. ఈ మలుపు చూసినవాళ్లకు గీత గీసిన ఇంజనీరు మీద గౌరవం కలగక మానదు. ఎక్కడానికి మలుపు ఎలాగూ కావాలి. దాన్ని ఈ శిఖరం కనబడే చోటే పెట్టాడు.

ఆ పైన చెట్లు ఆగిపోతాయి. రాయి, గడ్డి, నీళ్లు. ముందు నల్లగా ఓ చిన్న సరస్సు, లేయ్ నైర్. దాన్ని ఆనుకునే తెల్లగా లాగో బియాంకో. రెంటి మధ్యా ఒక అడ్డుకట్ట. అంతే దూరంలో ఐరోపా రెండుగా చీలుతుంది. నల్ల సరస్సు నీళ్లు ఇన్, డాన్యూబ్ నదుల గుండా నల్ల సముద్రానికి వెళ్తాయి. తెల్ల సరస్సు నీళ్లు పోస్కియావో లోయ దిగి, అద్దా, పో నదుల్లో కలిసి ఏడ్రియాటిక్ సముద్రం చేరతాయి. ఒకే వానలో పక్కపక్కన పడిన రెండు చినుకులు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఎడంతో తేలవచ్చు. లాగో బియాంకోకి ఆ తెల్ల రంగు రావడానికి కారణం పైనున్న కాంబ్రేనా హిమానీనదం. మంచు కదులుతూ కింది రాతిని అరగదీస్తుంది. ఆ మెత్తటి రాతిపిండి నీటిలో కలిసి, అడుగుకి దిగకుండా తేలుతూ ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లలా కనబడే ఆ సరస్సు ఒకప్పుడు రెండు విడివిడి సరస్సులు. కరెంటు కోసం రెండు కొసలా ఆనకట్టలు కట్టడంతో ఒకటైంది. దాని గట్టునే ఓస్పిట్సియో బెర్నినా స్టేషన్, 2,253 మీటర్లు.

చలికాలంలో ఈ గట్టు మీద గాలి మంచుని కొట్టుకొచ్చి పట్టాల మీద కుప్ప పోస్తుంది. మొదట్లో వేసవిలోనే రైలు నడిపేవారు. 1913–14 చలికాలం నుంచి ఏడాది పొడవునా నడుపుతున్నారు. అప్పట్లో మంచు తోసిన ఆవిరి యంత్రం ఒకటి, 1910 నాటిది, ఇప్పటికీ పనిచేసే స్థితిలో ఉంది. దాని ముందున్న పెద్ద చక్రం మంచుని చీల్చి పక్కకి ఎగజిమ్ముతుంది. ఇవాళ్టి రోజువారీ పని కొత్త యంత్రాలు చూసుకుంటాయి. అవి పొద్దు పొడవకముందే దారి తెరవకపోతే దిగువ పోస్కియావో లోయకి మిగతా స్విట్జర్లాండ్‌తో రైలు బంధం తెగిపోతుంది.

సరస్సు చివర రైలు ఒక కొండ భుజం చుట్టి ఆల్ప్ గ్రూమ్‌లో ఆగుతుంది. 2,091 మీటర్లు. ఇక్కడికి మోటారు రోడ్డు లేదు. రైల్లో రావాలి, లేదా నడిచి రావాలి. ఎదురుగా పాలూ హిమానీనదం, దాని కింద చిన్న సరస్సు, ఇంకా కిందికి చూపు సాగితే పోస్కియావో లోయ, దాని సరస్సు, ఆ వెనక ఇటలీ కొండలు. ఎక్స్‌ప్రెస్ కొద్ది నిమిషాలు ఆగితే అందరూ దిగి ఫోటోలు తీసుకుంటారు. ఆ కొద్ది నిమిషాలు చాలవు. ఒక రైలు వదిలేసి తర్వాతి రైలు దాకా అక్కడ కూర్చోవడమే తగిన మర్యాద.

అక్కడి నుంచి దిగుడు. ఓస్పిట్సియో నుంచి తిరానో దాకా 38 కిలోమీటర్లలో రైలు 1,800 మీటర్లకు పైగా కిందికి వస్తుంది. కొండవాలు మీద మలుపు కింద మలుపు, కవాలియా మైదానం, మళ్లీ మలుపులు. పోస్కియావో ఊరు, 1,014 మీటర్లు. ఈ లోయ నుంచి ఒకప్పుడు యువకులు మిఠాయి వంటవాళ్లుగా ఐరోపా నగరాలన్నిటికీ వలసపోయారు. సంపాదించి తిరిగొచ్చినవాళ్లు కట్టుకున్న పెద్ద ఇళ్లు ఇప్పటికీ ఊళ్లో వీధి పొడవునా ఉన్నాయి. లె ప్రేజె ఊళ్లో రైలు ఇళ్ల గుమ్మాల ముందు, కార్లతోపాటు రోడ్డు మీదే నడుస్తుంది. ఆ వెంటనే పోస్కియావో సరస్సు గట్టు.

బ్రూసియో దగ్గర లోయ ఇరుకు. వాలు గీత దాటకుండా ఎత్తు తగ్గించుకోవాలి. బెర్గూన్‌లోలా కొండ లోపల తిరగడానికి చోటు లేదు. పచ్చిక మైదానంలోనే తొమ్మిది కమానుల రాతి వంతెన గుండ్రంగా కట్టి, రైలు తన దారి కిందనుంచి తానే దూరిపోయేలా చేశారు. కిటికీలోంచి చూస్తే తమ రైలు తల కమాను కిందికి పోవడం, తోక ఇంకా పైన ఉండటం ఒకేసారి కనబడుతుంది. తిరానోలో పెద్ద చర్చి ముందరి చౌకు మీదుగా, వాహనాలను ఆపించి మరీ, రైలు స్టేషన్ చేరుతుంది. చుట్టూ వాల్తెల్లీనా ద్రాక్షతోటలు. 1797 దాకా ఈ లోయ గ్రౌబుండెన్ ఏలుబడిలోనే ఉండేది. సరిహద్దు గీత మారినా, ఆ తోటల ద్రాక్షసారా ఉత్తర దిక్కుకి ప్రయాణించడం మానలేదు.

వెనక్కి నడిచిన మంచు

దారిలో ఒక స్టేషన్ దగ్గర ఆగకుండా వచ్చేశాం. మోర్తెరాచ్, 1,896 మీటర్లు. బెర్నినా ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు. మామూలు రైలు ఆగుతుంది. ఈ ప్రయాణంలో ఎవరైనా ఒక్కచోటే దిగగలిగితే అది ఇక్కడే కావాలి.

లైను వేసిన రోజుల్లో స్టేషన్ దిగి కాస్త నడిస్తే మంచుగోడ ఎదురయ్యేది. స్టేషన్ పక్కన హోటలు కట్టింది అందుకే. ఇప్పుడు దిగినవాళ్లకు లోయ, వాగు, రాళ్లు, వాటి మధ్య మొలిచిన లార్చ్ చెట్లు కనబడతాయి. మంచు లేదు. బాట వెంట నడుస్తూ పోతే ఏడాది రాసిన పలకలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ ఏడాది హిమానీనదం కొస అక్కడిదాకా ఉండేదన్నమాట. పాత పలకల మధ్య ఎడం తక్కువ. కొత్త పలకలకు చేరడానికి ఎక్కువ నడవాలి. 19వ శతాబ్దం నుంచి ఇప్పటిదాకా ఈ హిమానీనదం సుమారు మూడు కిలోమీటర్లు వెనక్కి పోయింది. పక్కనుంచి వచ్చి దీనిలో కలిసే పేర్స్ హిమానీనదం గత దశాబ్దంలో తెగి వేరైంది. రెండూ కలిసి దిగే ఫోటోలు పాత పోస్ట్‌కార్డుల మీదే మిగిలాయి.

హిమానీనదం బతుకు ఒక సాదా జమాఖర్చు. పైన శీతాకాలం పడే మంచు జమ. కింద వేసవిలో కరిగేది ఖర్చు. పడిన మంచు ఏళ్ల తరబడి అణిగి గడ్డగా మారి, సొంత బరువుకి కిందికి జారుతూ ఉంటుంది. అంటే కొస వెనక్కి పోతున్నా మంచు మాత్రం ముందుకే కదులుతూ ఉంటుంది. కదిలొచ్చేదానికంటే కరిగేది ఎక్కువైనప్పుడు కొస వెనక్కి జరుగుతుంది. స్విస్ హిమానీనదాలు 2022లో మొత్తం పరిమాణంలో దాదాపు 6 శాతం, 2023లో మరో 4 శాతం పోగొట్టుకున్నాయి. రెండే రెండేళ్లలో పదోవంతు. ఆల్ప్స్ నీళ్ల మీద ఆధారపడిన రైన్, రోన్, పో నదుల ఒడ్డున ఉన్న ఊళ్లకు ఇది చిన్న మాట కాదు. మండు వేసవిలో వానలు లేని వారాల్లో ఆ నదులకు నీరందించేది ఈ గడ్డలే.

చూస్తూ ఊరుకోలేక మనుషులు చేసే ప్రయత్నాలూ ఈ లైను పక్కనే కనబడతాయి. మోర్తెరాచ్‌కి ఎగువన 2,978 మీటర్ల దియావోలెట్సా మీద వేసవిలో మంచుకి తెల్లటి దుప్పట్లు కప్పుతారు. ఎండ తిప్పికొట్టి అక్కడి చిన్న గడ్డని నిలబెట్టడానికి. ఎంగాడీన్‌కి చెందిన హిమానీ శాస్త్రవేత్త ఫెలిక్స్ కెల్లర్ మరో ఆలోచన చేశారు. కరిగిన నీటిని పట్టి ఉంచి, దాన్నే చలిలో కృత్రిమ మంచుగా మార్చి మోర్తెరాచ్ మీద కప్పాలన్నది ఆయన పథకం. ఇక్కడ ఒక భారతీయ బంధం ఉంది. లద్దాఖ్ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ చలికాలపు నీటిని గోపురంలా గడ్డకట్టించి, వసంతంలో చేలకు అందించే మంచు స్తూపాలు రూపొందించారు. అలాంటి స్తూపాలను పొంట్రెసినా పరిసరాల్లోనూ నిలబెట్టి జనానికి చూపించారు. హిమాలయాల్లో రైతు అవసరానికి పుట్టిన ఉపాయం ఆల్ప్స్‌లోని సంపన్న లోయకి పాఠమైంది. దుప్పట్లతో, స్తూపాలతో పూర్తి హిమానీనదాన్ని కాపాడగలమని ఎవరూ అనడం లేదు. అయినా వాటి వల్ల జరిగిన మేలుంది. కరుగుతున్నదాన్ని గురించి కళ్లెదుట మాట్లాడుకోవడం మొదలైంది. ఐక్యరాజ్యసమితి 2025ని హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. ఏటా మార్చి 21ని వాటి దినంగా జరపాలని నిర్ణయించింది.

రైలుకీ ఇది పక్కింటి సంగతి కాదు. మంచు తొలగిన వాలుల్లో రాళ్లు వదులవుతాయి. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరిగితే పట్టు సడలుతుంది. ఈ లోయకి వరదంటే ఏమిటో తెలుసు. 1987 జూలైలో పోస్కియావోని వాగు ముంచెత్తి ఊరి నడిబొడ్డున బురద నింపింది. ఇన్నేళ్లుగా కొండతో సర్దుకుపోతూ వచ్చిన రైలు మార్గం ఇక ముందు కదిలే కొండతో సర్దుకోవాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు

బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టుతోపాటు సీటు రిజర్వేషన్ తప్పనిసరి. వేసవిలో చాలా ముందే నిండిపోతుంది. స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవాళ్లు రిజర్వేషన్ రుసుము ఒక్కటి కట్టుకుంటే తిరానో దాకా వెళ్లవచ్చు. కూర్ నుంచి తిరానో వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే మంచిది. లాండ్‌వాసర్ వంపు, మోర్తెరాచ్, లాగో బియాంకో, పాలూ అన్నీ ఆ పక్కనే. అద్దాల పెట్టెల కిటికీలు తెరుచుకోవు కాబట్టి ఫోటోల్లో లోపలి వెలుతురు పడుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకుంటే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

తీరిక ఉన్నవాళ్లకు మామూలు రైలే మేలు. రిజర్వేషన్ అక్కర్లేదు, పట్టాలు అవే, దృశ్యాలు అవే. కొన్ని పెట్టెల్లో కిటికీ దించుకుని చల్లగాలి పీల్చుకోవచ్చు. ఎండకాలంలో కనుమ మీది కొన్ని రైళ్లకు పైకప్పు లేని పసుపు పెట్టెలు తగిలిస్తారు. ఓస్పిట్సియోలో దిగి సరస్సు గట్టున ఆల్ప్ గ్రూమ్ దాకా నడిచి అక్కడ రైలెక్కడం కుటుంబంతో వచ్చినవాళ్లకు కూడా కష్టం కాని దారి. తిరానో ఇటలీలో ఉంది కాబట్టి పాస్‌పోర్టు, షెంగెన్ వీసా జేబులో ఉండాలి. అక్కడి నుంచి మిలాన్‌కి నేరుగా ఇటాలియన్ రైళ్లున్నాయి, స్టేషన్ పక్కనే. చిన్న స్టేషన్లలో చాలావాటి దగ్గర రైలు అడిగితేనే ఆగుతుంది. దిగాలంటే ముందుగానే పెట్టెలోని మీట నొక్కాలి.